మోగించకూడని పెట్టె

గ్రూపులో అందరికీ లింగం బాబాయ్ నమస్కారాలు. నా పేజీలో పాటలన్నీ ఏమైపోయాయని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. భీమవరం పళ్ళ డాక్టరు బుజ్జిబాబు గారైతే "బాబాయ్, ఒంట్లో బాగానే ఉందా?" అని ఫోన్ కూడా చేశారు. ఒంట్లో బ్రహ్మాండంగా ఉంది. ప్రభుత్వం నన్ను గౌరవించింది, అంతే. అందుకే పాటలు లేవు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ముందు పెట్టె సంగతి చెప్తాను. తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి.

పాత కంప్యూటర్ గేముల్లో పాటని రికార్డు చేసి పెట్టేవాళ్ళు కాదండీ. ఫ్లాపీలో అంత చోటెక్కడిది? "ఇక్కడ వేణువు మొదలుపెట్టు, ఇక్కడ ఆపు, ఇక్కడ డ్రమ్ము కొట్టు" అని ఒక చీటీలాంటిది మాత్రం పెట్టేవాళ్ళు. దాన్నే మిడి అంటాం. చీటీ చదివి వాయించేది పెట్టె. చీటీ ఒకటే అయినా పెట్టె మారితే పాట మారిపోతుంది. అదే చింతపండు, అదే బియ్యం, వంటమాస్టారు మారితే పులిహోర మారదూ? అలాగన్నమాట. ఇంకోటి గుర్తుపెట్టుకోండి. ప్రతి స్వరానికీ మొదలుపెట్టమని ఒక మాట, ఆపమని ఒక మాట విడివిడిగా రావాలి. ఆపమనే మాట దారిలో తప్పిపోయిందా, ఆ వేణువు అలా ఊదుతూనే ఉంటుంది. నోటు ఇరుక్కుపోయింది అంటాం మేము.

నా పెట్టె మద్రాసు రికార్డింగ్ స్టూడియోవాళ్ళు కొత్తది కొనుక్కుని వదిలేసినది. రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. ఏలూరులో మా ఆర్కెస్ట్రా నడిచిన రోజుల్లో అది వినిపించని పెళ్ళి లేదు. పెళ్ళిళ్ళు లేనప్పుడు కంప్యూటరుకి తగిలించి గేములాడేవాణ్ణి. మీరందరూ పడి చచ్చే ఆ గుహలో నిధి వెతికే గేము పాట ఉంది చూశారూ, దాంట్లో వేణువు బదులు నేను వాడేది నా సొంత సౌండు. పెళ్ళయిన కొత్తలో తయారుచేశాను. కొంచెం వేణువు, దాని వెనకాల మట్టిగాజులు గలగలమన్నట్టు. అరవై నాలుగో నంబరులో దాచి, దానికి ఝాన్సీ అని మా ఆవిడ పేరు పెట్టాను.

"నా పేరు తగిలించడానికి ఇంకేం దొరకలేదా మీకు?" అంది ఝాన్సీ. అంది గానీ ఆ పూట బెండకాయ వేపుడు చేసింది.

ఇప్పుడు అసలు సంగతి. కంపెనీవాడు పెట్టిన సౌండ్లు పెట్టెలో శాశ్వతం. మనం చేసుకున్నవి మాత్రం లోపలున్న రూపాయి బిళ్ళంత బ్యాటరీ బతికున్నంతవరకే. ఈమధ్య ఆన్ చేసినప్పుడల్లా బ్యాటరీ అయిపోవచ్చిందని అక్షరాలు పడుతున్నాయి. ముందు సౌండ్లని కంప్యూటర్లోకి ఎత్తుకుని, తర్వాత బ్యాటరీ మార్చాలి. పెద్ద పనేం కాదు. ఆదివారం చేద్దామనుకున్నాను.

శనివారం జీపు వచ్చింది.

నేనే రమ్మన్నాను లెండి. పాతవంటే ఈమధ్య అందరికీ ముద్దొచ్చేస్తోంది కదా. కొత్తగా కట్టిన హోటల్లో కూడా పాత కుర్చీలే వేస్తున్నారు. ఆ ఊపులోనే ప్రభుత్వంవాళ్ళు ప్రాచీన ఎలక్ట్రానిక్ నాద పరిరక్షణ సంస్థ అని ఒకటి పెట్టారు. ఏలూరులో దాని ఆఫీసు పాత ఎరువుల గోడౌనులో ఉంది. పాత సౌండున్నవాళ్ళు తెలియజేయండి, గౌరవిస్తాం అన్నారు. తెలియజేశాను. దిగినాయన ఉప సంచాలకులు పురుషోత్తం గారు. వెనకాల అటెండరు తాతబ్బాయి గారు, చేతిలో దారపుండ, లక్క.

పెట్టెకి బొట్టు పెట్టి బల్ల మీద ఉంచాను.

"ఇదియేనా మూల పరికరము?" అన్నారు పురుషోత్తం గారు.

"ఇదేనండి. ఒక్కసారి వినిపిస్తాను," అని స్విచ్చి మీద చెయ్యి వేశాను.

"ఆగండి! ముట్టవద్దు!"

తాతబ్బాయి గారు గబుక్కున నా మణికట్టు పట్టుకున్నారు. ప్లగ్గు కూడా పీకేశారు.

"లింగం గారూ," అన్నారు పురుషోత్తం గారు, పక్కన కూచోబెట్టుకుని. "వాడితే చెప్పు అరుగుతుంది. వాడితే టైరు అరుగుతుంది. అటులనే నాదము కూడా వినియోగము చేత క్షీణించును. ఇన్నేళ్ళుగా మీరు పెళ్ళిళ్ళలో ఎంత నాదమును బయటికి పోనిచ్చారో మా శాఖ ఇంకా విచారించలేదు. అది మీ అదృష్టము."

నాకు నిజమే కదా అనిపించింది. జంగారెడ్డిగూడెంలో ఒక పెళ్ళికి తెల్లవార్లూ వాయించాను. ఎంత పోయి ఉంటుందో!

ఝాన్సీ కాఫీ గ్లాసులు పట్టుకొచ్చి అడిగింది. "మోగకపోతే అది సౌండెలా అవుతుందండీ?"

"అమ్మా, మోగితే అది వినోదము. మోగకుంటే వారసత్వము."

ఝాన్సీ నా వంక చూసింది. నేను తల ఊపాను. ఎంత బాగా చెప్పారండీ!

దారం నాలుగు పక్కలా చుట్టి, ముడి మీద లక్క పోసి, సీలు వేశారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు బ్యాటరీ.

"సార్, లోపలి బ్యాటరీ అయిపోవచ్చిందండి. ఒక్క నిమిషం ఇస్తే మార్చేస్తాను. అది పోతే నేను చేసిన సౌండు పోతుందండి."

"మూల భాగమును మార్చుట వారసత్వ భంగము."

"పోనీ కంప్యూటర్లోకి ఎత్తుకుంటానండి."

"ఎత్తుటకు ఆన్ చేయవలెనా?"

"చెయ్యాలండి."

"నిషిద్ధము."

"మరి బ్యాటరీ అయిపోతే?"

ఆయన కాఫీ తాగి, మూతి తుడుచుకుని అన్నారు. "అది సహజ మరణము. సహజ మరణమునకు మా శాఖకు ఎట్టి అభ్యంతరము లేదు."

పోతూ పోతూ పెట్టెని జీపెక్కించి, నా పేజీలో పాటలన్నీ ధ్రువీకరణ లేని నకళ్ళని తీయించేశారు. మీలో ఎవరైనా దింపుకుని దాచుకుంటే నాకు మాత్రం చెప్పకండి. అయినా వాటిల్లో అన్ని వాయిద్యాలూ కలిసిపోయి ఉంటాయి. ఝాన్సీని విడదియ్యడమంటే పులిహోరలో ఆవాలు ఏరడమే.

జీపు వెళ్ళాక ఝాన్సీ గుమ్మంలో నిలబడి అంది. "గౌరవించడం అయిపోయిందా?"

"అద్దాల బీరువాలో పెడతారట."

"నా పేరున్నదాన్ని."

"నీ పేరున్నదాన్నే."

గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళిపోయింది. ఆ వారమంతా బెండకాయ వండలేదు.

ఈలోగా మీరంతా ఆ సంస్థకి రాసినట్టున్నారు, ఆ పాట మాకు వినపడాలి అని. ప్రజలు అడిగితే కాదనకూడదట. మూలాన్ని మోగించకూడదు, నకళ్ళు పనికిరావు. మరెలా? పురుషోత్తం గారు దారి కనిపెట్టారు. నన్ను పిలిపించి, మెళ్ళో వేసుకునే కార్డొకటిచ్చి, సాంకేతిక సలహాదారు అన్నారు. ఆ కార్డు స్నానానికి తప్ప తియ్యలేదు నేను.

"యంత్రముతో పునఃసృష్టి చేసినచో అది నకలు," అన్నారాయన. "సిబ్బందితో చేసినచో అది సేవ. మా ఉద్యోగులే ఆ పరికరముగా పని చేయుదురు. ఆ పెట్టె లక్షణములు చెప్పండి."

నాకు తెలిసింది చెప్పాను. ఒకేసారి ఇరవై నాలుగు గొంతులే పలుకుతుంది. ఇరవై ఐదోది మొదలైతే అన్నిటికన్నా ముందు మొదలైనది ఆగిపోతుంది. పాతది చోటిస్తేనే కొత్తది పలకాలి. అది ఆ పెట్టె అందం.

ఆయన దాన్ని అక్షరాలా అమలుచేశారు. ఎరువుల గోడౌనులో ఉద్యోగుల్ని వరసగా కూచోబెట్టారు. ఒకాయన "ట్యూంగ్", ఒకావిడ "పీఁ", కాగితాల మీద స్టాంపు కొట్టే గుమాస్తాకి డ్రమ్ములు. టేబుల్ మీద రబ్బరు స్టాంపు కొట్టడంలో ఆయనకున్న లయ నేనే డ్రమ్మరు దగ్గరా చూడలేదు. నిజం చెప్తున్నాను.

రిహార్సల్ మొదలైన కాసేపటికే సీనియర్ అసిస్టెంటు సుభద్రమ్మ గారు లేచి నిలబడ్డారు.

"సార్, ఇది అన్యాయం. నిన్నగాక మొన్న చేరిన పిల్ల నోరు తెరిస్తే నేను నోరు మూసుకోవాలా? సర్వీసులో ముందు చేరింది నేను!"

"ముందు మొదలుపెట్టినవారే ఆగవలెనని పరికర లక్షణము, సుభద్రమ్మ గారూ."

"అయితే పరికరాన్నే సర్వీసు రూల్సు చదువుకోమనండి!"

ఉద్యోగుల సంఘం నాయకులు వచ్చారు. మధ్యాహ్నం దాకా చర్చలు జరిగాయి. చివరికి, సీనియర్లు ఆగనక్కర్లేదు, కాకపోతే అసలు మొదలుపెట్టకుండా కూచోవచ్చు అని తేలింది. సీనియర్లందరూ సంతోషించి కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. పాటకి జూనియర్లు మిగిలారు.

మొదలుపెట్టమని ఒక మాట, ఆపమని ఒక మాట కావాలని కూడా నేనే చెప్పాను. దానికి రెండు విభాగాలు పెట్టారు, నాద ప్రారంభ విభాగం, నాద విరమణ విభాగం. ప్రారంభ విభాగంలో పోస్టులన్నీ భర్తీ అయిపోయాయి. విరమణ విభాగంలో ఇంకా ఎవరూ చేరలేదు. గదికి బోర్డు మాత్రం పెట్టారు.

పెట్టె వెనకాల ఎప్పుడూ సన్నగా కరెంటు హమ్మని ఒక రొద ఉంటుంది. అది లేకపోతే పాతదనం రాదు. ఆ రొదకి తాతబ్బాయి గారిని వేశారు. మంచి గొంతు. "ఆఁ..." అని మొదలుపెట్టమని చీటీ వచ్చింది. ఆయన చీటీ కళ్ళకద్దుకుని "ఆఁ..." అని మొదలుపెట్టారు. పాట అయిపోయింది. అందరూ ఆగారు. తాతబ్బాయి గారు ఆగలేదు.

"చాలు తాతబ్బాయి గారూ," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపి, ఒక చేత్తో విరమణ విభాగం గది చూపించారు. తాళం వేసి ఉంది.

"ఉత్తర్వు లేకుండా ఆగితే విధుల్లో నిర్లక్ష్యం అంటారట. ఆయనకింకో రెండేళ్ళే సర్వీసుంది, మాట పడడం ఎందుకని," అని సుభద్రమ్మ గారు నా చెవిలో చెప్పారు. తాతబ్బాయి గారు ఊపిరి తీసుకుంటూ, మంచినీళ్ళు తాగుతూ, మధ్యమధ్యలో అలాగే "ఆఁ..." అంటూ బస్సెక్కి ఇంటికెళ్ళారు. కండక్టరు టికెట్ ఎక్కడికని అడగలేదట, ఏదో దీక్షలో ఉన్నారనుకుని.

అంతా సిద్ధమైంది గానీ పాటలో ముఖ్యమైన గొంతు లేదు. అరవై నాలుగో నంబరు. అదెలా ఉంటుందో ఆఫీసులో ఎవరికీ తెలీదు. ట్యూంగూ పీలతో గుహ పాట కాదు కదా, గేటు దగ్గర హారను కూడా రాలేదు. పురుషోత్తం గారు పైకి రాశారు. ఒకే ఒక్కసారి, అధికారుల సమక్షంలో, పెట్టెని మోగించవచ్చని అనుమతి వచ్చింది.

ఆ రోజు ఝాన్సీ కూడా వచ్చింది. చిలకాకుపచ్చ పట్టుచీర కట్టుకుంది.

"మీ పెట్టె కోసమేం కాదు. ఆ వీధిలో టైలరు దగ్గర పనుంది," అంది.

సీలు పగలగొట్టారు. దారం విప్పారు. స్విచ్చి నొక్కాను. దీపం వెలిగింది. అరవై నాలుగుకి వెళ్ళాను.

పేరు లేదండీ అక్కడ. ఖాళీ. మీట నొక్కితే కంపెనీవాడి మామూలు పియానో టింగుమంది, ఎవరింట్లోనైనా మోగేలాంటిది. బ్యాటరీ ఎప్పుడు పోయిందో ఏమో, అద్దాల బీరువాలో.

ఇంకోసారి నొక్కాను. మళ్ళీ అదే టింగు. చెయ్యి తీసేశాను. మెళ్ళో కార్డు బరువుగా అనిపించింది.

పురుషోత్తం గారు టోపీ లేకపోయినా తీసినట్టు తల మీద చెయ్యి పెట్టుకుని "సహజ మరణము" అన్నారు. తాతబ్బాయి గారు మూలన నిలబడి "ఆఁ..." అంటూనే ఉన్నారు. ఆ రోజు అది సంతాపంలాగే ఉంది.

అప్పుడు ఝాన్సీ అంది. "దానికింత దిగాలెందుకు? ఆ సౌండెలా ఉంటుందో నాకు తెలుసు."

"నీకా?"

"ముప్పై ఏళ్ళు నా చెవుల్లో పోశారు కదండీ! పప్పు పోపు పెడుతుంటే అదే, బట్టలు ఉతుకుతుంటే అదే. తెలీకేం చేస్తుంది?"

పురుషోత్తం గారు ముందుకొచ్చారు. "అమ్మా, ఒక్కసారి వినిపించగలరా?"

"అమ్మో, ఉత్తర్వు లేకుండా మోగితే నాకూ లక్క పోస్తారు. మొదలుపెట్టమని రాసివ్వండి."

ఆయన వెంటనే ప్రారంభ విభాగం చీటీ మీద "మొదలుపెట్టవచ్చును" అని రాసి సంతకం పెట్టారు. ఝాన్సీ చీటీ మడిచి పర్సులో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

ఎలా చెప్పను మీకు? ముందు సన్నగా వేణువు. దాని వెనకాల, నాలిక కొసతో చేస్తుందో ఏం చేస్తుందో, గాజులు. మా మొదటి అద్దె ఇల్లు గుర్తొచ్చింది. రబ్బరు స్టాంపాయన చేతిలో స్టాంపు గాల్లోనే ఆగిపోయింది. కొంచెంసేపు పాడి, గుటక వేసి అంది. "ఇప్పటికింతే. గొంతు ఎండిపోయింది. మళ్ళీ పాడతాను."

"అద్భుతము," అన్నారు పురుషోత్తం గారు. "మూల నాదము ఇచ్చట సజీవముగా ఉన్నది!"

"మరి నాదం నా దగ్గరుంటే పెట్టెలో ఏముంది?"

ఆయన ఆలోచించారు. "ఏమీ లేదు."

"ఏమీ లేని పెట్టె మీకెందుకు? ఇచ్చెయ్యండి, ఇంటికి పట్టుకెళ్తాం."

ఆయన పెట్టె వంకా ఆవిడ వంకా చూశారు. నియమం ప్రకారం ఎక్కడా తప్పు దొరకలేదు. "వారసత్వము తొలగిపోయినందున సాధారణ వస్తువుగా విడుదల చేయడమైనది," అని పెట్టె నా చేతుల్లో పెట్టేశారు. ఆటోలో అడిగాను, టైలరు దగ్గరికి వెళ్ళాలన్నావు కదా అని. "టైలరెక్కడికీ పోడు," అంది.

ఇంటికొచ్చీ రాగానే కొత్త బ్యాటరీ వేశాను. సాయంత్రం ఇద్దరం పెట్టె ముందు కూచున్నాం. ఆవిడ పాడడం, నేను మీటలు తిప్పడం.

"అది వేణువా? ప్రెషర్ కుక్కరు విజిల్లా ఉంది."

తగ్గించాను.

"గాజులు ఎక్కువైపోయాయి. అప్పుడు నేను వేసుకున్నవి మట్టిగాజులండీ. ఇవి స్టీలు గిన్నెలు తోమినట్టున్నాయి."

"ఇప్పుడు?"

"ఇంకొంచెం ఆలస్యంగా రావాలి గాజులు. చెయ్యి ఊపాక కదా మోగేది!"

ఇన్నేళ్ళలో నాకు తట్టలేదండీ ఆ మాట. గాజుల్ని కాస్త వెనక్కి జరిపాను. మీట నొక్కాను. ఝాన్సీ లేచి, "ఇదీ," అని వంటింట్లోకెళ్ళి బెండకాయలు కడగడం మొదలుపెట్టింది. అరవై నాలుగులో దాచాను. ఈసారి కంప్యూటర్లోకి కూడా ఎత్తాను. రెండు చోట్ల.

మర్నాడు పొద్దున్నే జీపు.

పురుషోత్తం గారి చేతిలో కాగితం, దారపుండ. జీపులో నుంచి సన్నగా "ఆఁ..." వినపడుతోంది.

"శ్రీమతి ఝాన్సీ గారిని రక్షిత మూల నాదముగా ప్రకటించడమైనది," అని చదివారు. "కావున సదరు శ్రీమతి, అరుగుదల నివారణార్థము, శాఖ అనుమతి లేకుండ ఇకపై మోగరాదు."

"పాడకూడదా?" అన్నాను.

"కూనిరాగము సైతము నిషిద్ధము." దారం ఎక్కడ కట్టాలో తెలీక ఆయన గుమ్మానికీ ఆవిడకీ మధ్య అటూ ఇటూ చూస్తున్నారు, పాపం. చదువుకున్నాయన, ఇబ్బందిపడ్డారు.

ఝాన్సీ చేతులు తుడుచుకుని బయటికొచ్చింది. పర్సులోంచి చీటీ తీసి ఆయన కళ్ళ ముందు పెట్టింది. మొదలుపెట్టింది. నిన్నటికన్నా బాగా.

"అమ్మా! ఆపవలెను!"

ఆవిడ ఊపిరి తీసుకునే సందులో అంది. "మొదలుపెట్టమన్న సంతకం మీదే కదండీ? ఆపమన్న ఉత్తర్వేదీ?"

"ఈ కాగితమే..."

"అది మోగకూడదనండి. నేను ఆల్రెడీ మోగుతున్నాను. ఆపడానికి వేరే విభాగం ఉందటగా, మావారు చెప్పారు."

"ఉన్నది."

"ఎవరున్నారు అందులో?"

జవాబు జీపులోంచి వస్తూనే ఉంది, "ఆఁ..." అని. ఝాన్సీ ఆ గొంతు ఒక్క క్షణం విని, తన శ్రుతి కొంచెం దించి దాంతో కలిపేసింది. పెట్టె వెనకాల పాత రొద ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంది. లోపలికి పరిగెత్తి, గుహ పాట పెట్టి, పెట్టె ఆన్ చేసి, వీధిలోకి మైకు లాగి రికార్డు నొక్కాను.

పురుషోత్తం గారు దారపుండ పట్టుకుని పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డారు. కాలు మాత్రం తాళం వేసింది, నేను చూశాను.

పాట ఇప్పుడే పేజీలో పెట్టాను. తీయించెయ్యడమంటే అది మోగడం ఆపించినట్టేనట, కాబట్టి అదీ విరమణ విభాగానికే వెళ్ళాలట. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. గాజులు కాస్త ఆలస్యంగా వస్తాయి, అది తప్పు కాదు. వెనకాల సన్నగా రొద వినపడుతోంది, కేబులు మార్చుకో బాబాయ్ అని మాత్రం రాయకండి. అది తాతబ్బాయి గారు.